పెద్దబాపు బూర మళ్లీ మోగింది

ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు తవ్వే కాలం వచ్చిందంటే ఇంట్లో ఖాళీ జాగ అనేది ఉండదు. ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ముల్లో పాలిష్ పట్టించిన కొమ్ములు గోనె సంచుల్లోకి ఎక్కి హాల్లో, అర్రలో, ఆఖరికి మంచం పక్కన కూడా చేరతాయి. పోయినేడు అట్లాగే సంచులకు జాగ చేద్దామని వెనక రేకుల షెడ్డు సర్దుతుంటే రెండు బూరలు బయటపడ్డాయి. మైకుసెట్టు బూరలు. ఒకదాని గొంతులో కందిరీగ మట్టి గూడు, ఇంకోదాని నోట్లో కోడి పొదిగిన గడ్డి.

పాత ఇనుప సామానోడు అప్పుడే వీధిలో అరుస్తున్నాడు. నేను రెండూ చేతిలో పట్టుకుని గడప దాటేలోపు పెద్దబాపు అడ్డం వచ్చాడు. "అవి ఇనుము గాదురా, అల్లూమినియం" అన్నాడు. ఎక్కువ ధర అడగమంటున్నాడేమో అనుకున్నాను. కాదు. ఇవ్వొద్దంటున్నాడు.

పెద్దబాపుకు ఒకప్పుడు మైకుసెట్టు ఉండేది. పెళ్లిళ్లు, బతుకమ్మలు, ఎలక్షన్లు, సిద్ధులగుట్ట మీద జాతర... దేనికైనా ఆంప్లిఫయర్ పెట్టె, బ్యాటరీ, రికార్డు ప్లేయర్ ఎడ్లబండిలో వేసుకుని పోయేవాడు. వేపచెట్టు కొమ్మకు బూర కట్టి, రెండో బూర ఊరి అవతలి వైపు తిప్పితే మూడు ఊళ్లకు తెలిసేదట ఫలానా వాళ్లింట్లో పెళ్లని. తర్వాత డీజే బాక్సులొచ్చాయి. బూరలు షెడ్డులోకి పోయాయి.

నేను చదివింది ఇంజినీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. చెవిలో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లుండే నాకు ఈ బూరల మీద మోజు ఎందుకు పుట్టిందంటే, ఆ రోజు రాత్రి సరదాగా నెట్‌లో వెతికితే అమెరికా, జపాన్, యూరప్‌లలో జనం పాత థియేటర్ బూరల కోసం లక్షలు పోస్తున్నారని తెలిసింది. మన షెడ్డులో కోడి పొదిగిన సరుకే కదా ఇది అనిపించింది. పూర్తిగా ఆ సరుకు కాదని తర్వాత తెలిసింది. అది కూడా చెబుతాను.

బూర ఎందుకు అంత గట్టిగా అరుస్తుంది?

మనం ఇంట్లో వాడే మామూలు స్పీకరు, అంటే కాగితం కోను ఉన్నది, దానికిచ్చిన కరెంటులో నూటికి ఒక వంతు కూడా శబ్దంగా మార్చలేదు. మిగతాదంతా వేడి. ఎందుకంటే కోను బరువు, గాలి తేలిక. బరువైన చేత్తో దూదిని తోస్తే ఎట్లుంటుంది? చెయ్యి కదులుతుంది గానీ దూదికి బలం అందదు. బూర చేసే పని ఇదే. మొదట్లో చిన్న గొంతు, అక్కడ గాలికి తప్పించుకునే దారి లేదు, కాబట్టి చిన్న పొర బలంగా నొక్కగలదు. ఆ నొక్కుడును మెల్లగా వెడల్పు చేసుకుంటూ పోయి పెద్ద నోటితో బయటి గాలికి అప్పజెబుతుంది. మధ్యలో దళారి లేని బేరం లాంటిదన్నమాట. మా మార్కెట్ యార్డు భాషలో చెప్పాలంటే తూకంలో తరుగు తక్కువ.

లెక్కల్లో చూద్దాం. మామూలు ఇంటి స్పీకరుకు ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో 86 డెసిబెల్స్ వస్తాయనుకోండి. మంచి బూర అదే వాట్‌కు 106 ఇస్తుంది. ప్రతి 10 డెసిబెల్స్‌కు పవర్ పది రెట్లు. అంటే ఆ స్పీకరు వంద వాట్లు తిని చేసే మోతను బూర ఒక్క వాట్‌తో చేస్తుంది. బ్యాటరీ మీద నడిచే మైకుసెట్టు మూడు ఊళ్లకు వినబడిన రహస్యం ఇది.

ఈ సంగతి కనిపెట్టింది నిన్న మొన్న కాదు. 1915లో క్రిస్మస్ ముందురోజు శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ హాలు దగ్గర ప్రిధమ్, జెన్సన్ అనే ఇద్దరు బూరకు కరెంటు గొంతు తగిలించి పెద్ద జనసందోహానికి పాటలు, మాటలు వినిపించారు. వాళ్ల పరికరం పేరు మాగ్నవాక్స్. లాటిన్‌లో పెద్ద గొంతు అని అర్థం. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు రైస్, కెలాగ్ కోను స్పీకరును తీర్చిదిద్దాక ఇళ్లల్లోంచి బూరలు మెల్లగా తప్పుకున్నాయి. కానీ 1926లో టాకీ సినిమా కోసం వెస్టర్న్ ఎలక్ట్రిక్ తెచ్చిన 555 అనే యూనిట్, దానికి తగిలించే మెలికలు తిరిగిన పెద్ద బూరలు థియేటర్లను ఏలాయి. అప్పట్లో ఆంప్లిఫయర్లకు పట్టుమని పది, పదిహేను వాట్లే. హాలు నిండాలంటే బూర తప్ప దిక్కు లేదు. మన పాత సినిమాల టైటిళ్లలో వెస్ట్రెక్స్ సౌండ్ సిస్టమ్ అని పడుతుంది చూడండి, ఆ వెస్ట్రెక్స్ ఈ వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ల విదేశీ వ్యాపార శాఖే. ఇక 1946లో పాల్ క్లిప్ష్ గది మూలనే బూరలో భాగంగా వాడుకునే క్లిప్ష్‌హార్న్ చేశాడు. అది ఇప్పటికీ తయారవుతోంది.

మరి మన మైకుసెట్టు బూర? అది వాటికి పేద చుట్టం. పెద్దబాపువి మడత బూరలు, అంటే లోపల శబ్దం ముందుకు పోయి, వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు వచ్చే రకం. వాన నీళ్లు యూనిట్‌లోకి పోకుండా, పొడవు తగ్గేలా చేసిన ఏర్పాటు. ఇందులో యూనిట్ పొర బేకలైట్ పట్టించిన గుడ్డ. గట్టిది, ఎండకూ దుమ్ముకూ ఓర్చుకుంటుంది, కానీ అయిదారు వేల హెర్ట్జ్ దాటితే చేతులెత్తేస్తుంది. కింద బేస్ రాదు, పైన తాళాల గలగల రాదు. మధ్యలో మాత్రం, మనిషి గొంతు ఉండే చోట మాత్రం, దానికి సాటి తక్కువ. మైకుసెట్టు బూర పెడితే కచేరీ హాలు ఇంట్లోకొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఘంటసాల గొంతు మీ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటుందంటే మాత్రం నమ్మొచ్చు.

ముందు కడగడం

కందిరీగ గూడు తీయడానికే ఒక పూట పట్టింది. యూనిట్ విప్పి పక్కన పెట్టి బూరను సబ్బు నీళ్లతో కడిగాను. యూనిట్‌ను నీళ్ల దరిదాపులకు తేవద్దు. మల్టీమీటర్ పెడితే 16 ఓమ్స్ యూనిట్ సుమారు 11 నుంచి 14 ఓమ్స్ చూపించాలి. అసలేమీ చూపకపోతే కాయిల్ తెగినట్టు. నా అదృష్టం, రెండూ బతికే ఉన్నాయి.

వెనక డబ్బాలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాన్ని పక్కకు తప్పించండి. అది వంద వోల్టుల లైను కోసం, అంటే ఫర్లాంగుల కొద్దీ వైరు లాగినప్పుడు పవర్ దారిలో పోకుండా పెట్టింది. ఇంట్లో పది అడుగుల వైరుకు అదెందుకు? అది ఉంటే పైనా కిందా ఉన్న కాస్త శబ్దాన్నీ మింగుతుంది. అయస్కాంతం ఉన్న భాగాన్ని మాత్రం ఊరికే విప్పకండి. పాత ఆల్నికో అయస్కాంతాలను వాటి ఇనుప చట్రం నుంచి విడదీస్తే బలం పోతుంది. పైగా మా ఇంట్లోలాగా వెల్డింగ్ షాపు పక్కనుంటే ఇనుప రజను సందులోకి దూకుతుంది. నాకు దూకింది. సెల్లోటేపు జిగురు వైపుతో ఒక గంట ఏరాను.

తర్వాత బూరను వేలి గణుపుతో కొట్టి చూడండి. కంచు పళ్లెంలా ఖంగుమంటే, పాటలో కూడా ఆ ఖంగు కలుస్తుంది. మైకు గొంతు అని మనం వెక్కిరించే రేకు చప్పుడులో సగం ఇదే. కార్ల ఫ్లోరింగ్ కింద అంటించే తారు షీటు ముక్కలు బూర బయటివైపు అంటించాను. అంచు చుట్టూ పాత సైకిల్ ట్యూబు కోసి బిగించాను. ఇప్పుడు కొడితే గుమ్మడికాయ మీద కొట్టినట్టు టపటపమంటుంది. పెద్దబాపు చూసి "దాని నగ తీసి ముండ్లకంప తొడిగినవ్‌రా" అన్నాడు. చూడ్డానికి అట్లాగే ఉంది మరి.

నా తప్పు

బూర ఎంత లోతు శబ్దం వరకు పలుకుతుందో దాని నోటి సైజు చెప్పేస్తుంది. నోటి చుట్టుకొలత ఎంతో, అంత పొడవున్న శబ్ద తరంగం దాకానే దాని పని. మాది 20 అంగుళాల నోరు. చుట్టుకొలత సుమారు 1.6 మీటర్లు. శబ్ద వేగం సెకనుకు 343 మీటర్లు. భాగిస్తే 215 హెర్ట్జ్. అంతకన్నా కింద బూర ఉన్నా లేనట్టే. లోపలి పొరకు గాలి దన్ను ఉండదు, తాడు తెగిన ఊయలలా ఇష్టమొచ్చినట్టు ఊగుతుంది. అందుకే సాధారణంగా ఆ అంకెకు రెట్టింపు దగ్గర, అంటే 400, 500 హెర్ట్జ్ నుంచి బూరకు అప్పజెప్పి, దాని కిందిదంతా వేరే కోను స్పీకరుకు ఇవ్వాలి.

ఈ పంపకం చేసే పనిని నేను కంప్యూటరుకు ఇచ్చాను. సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా. 500 హెర్ట్జ్ దగ్గర నిటారుగా కోసే ఫిల్టరు, ముచ్చటైన గ్రాఫు, అన్నీ సరిగ్గా. ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. మెషీన్ రీస్టార్ట్ అయింది. ఫిల్టర్ల ఫైలు లోడ్ కాలేదు. నేను చూసుకోకుండా కొత్త సినిమా పాట పెట్టి వాల్యూమ్ పెంచాను. బేస్ మొత్తం బూరలోకి పోయింది. రెండు సెకన్లు కొక్కొక్ మని, తర్వాత కుడి బూర నోరు మూసుకుంది.

ముప్పై ఏళ్లు ఎండలో వానలో చెట్లకు వేలాడినా చావని కాయిల్‌ను నేను హాల్లో సోఫాలో కూర్చుని రెండు సెకన్లలో చంపేశాను. పెద్దబాపు ఏమీ అనలేదు. అంటే బాగుండేది. యూనిట్ చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపి, కింద పెట్టి, పసుపు కల్లం వైపు వెళ్లిపోయాడు.

దీనికి మందు వంద, రెండొందల రూపాయల వస్తువు. బూరకు వరసలో ఒక కెపాసిటర్. అది బేస్‌ను దాటనివ్వదు, కరెంటు పోయినా, ఫైలు లోడ్ కాకపోయినా. లెక్క సులువు: 1,59,000ను ఫ్రీక్వెన్సీతో, ఓమ్స్‌తో భాగిస్తే మైక్రోఫారడ్లు వస్తాయి. 16 ఓమ్స్ యూనిట్‌కు 500 హెర్ట్జ్ దగ్గర 20 మైక్రోఫారడ్. కంప్యూటర్ ఫిల్టర్ ఉండి, ఇది కాపలాకు మాత్రమే అయితే 50 పెట్టండి, 200 హెర్ట్జ్ దగ్గర అడ్డుకుంటుంది. ఈ కెపాసిటర్ కోసం హైదరాబాద్ పోనక్కర్లేదు. బోరు మోటారు స్టార్టర్ డబ్బాలో వాడే రన్ కెపాసిటర్ ఇదే జాతి. మా ఊళ్లో మోటార్ల షాపులో దొరికింది. స్టార్ట్ కెపాసిటర్ తీసుకోవద్దు, అది వేరే. షాపతను "ఎన్ని హెచ్‌పీ మోటారు?" అని అడిగితే "పాటలకు" అన్నాను. రెండోసారి అడగలేదు.

కంప్యూటర్ లేకుండా ఒట్టి కెపాసిటర్‌తోనే నడపాలంటే వాల్యూమ్ తక్కువలో ఉంచండి. ఒక్క కెపాసిటర్ కోత ఏటవాలు గట్టు లాంటిది, గోడ కాదు. ఆక్టేవ్‌కు 6 డెసిబెల్సే తగ్గిస్తుంది. ఇంకోటి, బూర విప్పేసి ఒట్టి యూనిట్‌ను మోగించి చూడొద్దు. దన్ను లేని పొర చిరుగుతుంది.

కొత్త డయాఫ్రమ్ హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో వెతికి తెచ్చాను. బిగించాను. మోగింది. కానీ ఎడమది పాత గొంతు, కుడిది కొత్త గొంతు. కొత్తది కొంచెం కీచు.

గుసగుసకు సరిపోయే ఆంప్లిఫయర్

బూరతో ఇంట్లో వచ్చే చిక్కు చప్పుడు చాలకపోవడం కాదు, ఎక్కువవడం. పది అడుగుల దూరంలో హాయిగా వినడానికి వాట్‌లో వందో వంతు చాలు. అంతటి సున్నితమైన బూరకు ఆంప్లిఫయర్ సొంత గురక కూడా వినిపిస్తుంది. పాట లేనప్పుడు కూడా స్‌స్‌స్ మని. పెద్ద వాట్ల ఆంప్లిఫయర్ కొనడం దండగ, గురక తక్కువున్నది చూసుకోండి. మిగిలిన గురకను తగ్గించడానికి బూర ముందు రెండు రెసిస్టర్లు చాలు. 16 ఓమ్స్ యూనిట్‌కు వరసలో 12 ఓమ్స్, యూనిట్‌కు అడ్డంగా 5.6 ఓమ్స్, పది వాట్ల రకం. దీంతో 12 డెసిబెల్స్ తగ్గుతుంది, గురక కూడా అంతే తగ్గుతుంది. కెపాసిటర్ వీటికన్నా ముందుండాలి. 106 కాస్తా 94 అవుతుంది కాబట్టి కింది శబ్దాలకు పెట్టే 12 అంగుళాల కోను స్పీకరుతో జత కుదురుతుంది. మాకు డీజే వాళ్లు పక్కన పడేసిన బాక్సు దొరికింది. ఆ డీజేల వల్లే కదా ఇవి షెడ్డులోకి పోయింది, ఇప్పుడు ఒకే షెల్ఫు మీద కాపురం.

పాత వాల్వు ఆంప్లిఫయర్ ఉంటే ఇంకా బాగుంటుందంటారు. పెద్దబాపుది ఉంది, నేను ముట్టలేదు. అందులో వందల వోల్టులుంటాయి, ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో దాక్కుని ఉంటాయి. తెలిసిన వాళ్ల చేతనే విప్పించండి.

శబ్దం బూర లోపల తిరిగి వచ్చే దారి సుమారు ఒక మీటరు. అంటే కోను స్పీకరు కన్నా మూడు మిల్లీసెకన్లు ఆలస్యం. కోను స్పీకరును కంప్యూటర్‌లో ఆ మూడు మిల్లీసెకన్లు ఆపితే డప్పు దెబ్బకూ దాని గుమ్ముకూ మధ్య అతుకు కనబడకుండా పోయింది. చిన్న సంగతే. కానీ ఆపక ముందు పాట ఏదో తప్పిపోయినట్టు ఉండేది, ఏంటో పట్టుకోలేక వారం తిరిగాను.

పసుపు సంచులు పోయాక

ఏప్రిల్ దాకా హాల్లో పసుపు సంచులు గోడకు నిలువెత్తున ఉన్నాయి. రేటు కోసం నాన్న ఆపాడు. ఆ రోజుల్లో బూర ఎంత కమ్మగా పలికిందంటే నా గ్రాఫుల గొప్పే అనుకున్నాను. ఒకరోజు పొద్దున లారీ వచ్చి సంచులన్నీ నిజామాబాద్ యార్డుకు పోయాయి. సాయంత్రం పాట పెడితే చెవులు గింగురుమన్నాయి. అదే బూర, అదే ఫైలు. గది మారింది. టైల్సు నేల, సున్నం గోడలు, స్లాబు కప్పు, మొత్తం అద్దాల మేడ. అన్నాళ్లూ పని చేసింది నా సాఫ్ట్‌వేర్ కాదు, గోనె సంచులు.

బూర శబ్దాన్ని టార్చిలైటులా ఒక దిక్కుకు కొడుతుంది కాబట్టి ఎదురు గోడ చాలా ముఖ్యం. మా నాయనమ్మ కుట్టిన బొంతలు నాలుగు, చెక్క చట్రాలకు బిగించి ఎదురు గోడకు, గోడకు నాలుగు వేళ్ల ఎడంతో తగిలించాను. నేల మీద జంపఖానా. సంచులంత కాకపోయినా గది మళ్లీ మనిషి అయింది.

అప్పుడే నిజామాబాద్‌లో పెద్దబాపుకు చెవి పరీక్ష చేయించాం. గ్రాఫు చూడగానే అర్థమైంది. 4,000 హెర్ట్జ్ దగ్గర లోయ. ఏళ్ల తరబడి పెద్ద శబ్దం పక్కన నిలబడ్డ చెవులకు మొదట తూటు పడేది అక్కడే. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు మించకూడదు, ప్రతి 3 డెసిబెల్స్‌కు టైము సగం తగ్గాలి. 100 దగ్గర పావుగంటే. బూర కింద నిలబడి రాత్రంతా పెళ్లి నడిపించిన మనిషికి ఆ లెక్క ఎవరు చెప్పారు? మీరు బూర పెట్టుకుంటే ఫోనులో ఒక సౌండ్ మీటర్ యాప్ వేసుకోండి, కచ్చితం కాకపోయినా అంచనాకు పనికొస్తుంది. పగలు నివాస ప్రాంతాల్లో 55, రాత్రి 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పక్కింటి వాళ్లు ఆ నిబంధన చదవకపోయినా గోడ మీద కొడతారు.

ఇప్పుడు కీచుగా ఉన్న కుడి బూర సంగతి. దాన్ని ఎడమదానితో సమానం చేద్దామని మైకు పెట్టి కొలిచి, దిద్ది, మళ్లీ కొలిచి రెండు వారాలు పోయాయి. దగ్గర దగ్గరగా వచ్చింది. వినడానికి పెద్దబాపును పిలిచాను. 1957 నాటి మాయాబజార్ పాట పెట్టాను. కళ్లు మూసుకుని విన్నాడు. 4,000 దగ్గర లోయ ఉన్న ఆ చెవులతోనే "కుడి దిక్కుది కొత్తది" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "రెండెందుకురా? పాడేది ఒక్కలే గదా. రెండు నోర్లు పెడ్తె మాట చెదురుతది."

నేను ఈసీఈ చదివాను. ఒకే మోనో శబ్దం రెండు చోట్ల నుంచి వస్తే తరంగాలు కొన్ని చోట్ల కలిసి, కొన్ని చోట్ల కొట్టుకుని స్వరం మారుతుందని పరీక్షలో అయిదు మార్కులకు రాశాను కూడా. పాత పాటలన్నీ మోనోయే. కుడి బూర తీసేశాను. ఎడమదాన్ని గది మధ్యలోకి జరిపాను. రెండు వారాల దిద్దుబాటు చేయలేనిది ఒక వైరు పీకితే అయింది.

అప్పుడు పెద్దబాపు లోపలికి పోయి బట్టల పెట్టెలోంచి ఒక క్యాసెట్ తెచ్చాడు. గుట్ట మీద జాతర రోజు హరికథ రికార్డు చేసిందట. టీవీలో, ఫోనులో పెట్టి విన్నా మాట పోల్చుకోలేకపోయానని చాలా రోజులుగా అంటున్నాడు. మెట్‌పల్లిలో స్నేహితుడి దగ్గర క్యాసెట్ ప్లేయర్ అరువు తెచ్చి ఒక ఆదివారం పెట్టాం. హరికథ మధ్యలో కథ ఆగి ఒక గొంతు వచ్చింది. నాలుగేండ్ల పిల్ల తప్పిపోయింది, ఎర్ర గౌను, మైకు దగ్గర ఉన్నది, తల్లిదండ్రులు రావాలె. పెద్దబాపు గొంతు. నాకు తెలిసిన గొంతు కన్నా చాలా పడుచు. మూడుసార్లు చెప్పింది, తర్వాత మళ్లీ హరికథ. వాళ్లమ్మ వచ్చిందో లేదో క్యాసెట్‌లో లేదు.

"వచ్చిందా?" అని అడిగాను.

"పొద్దుగూకినంక వచ్చింది. దాంక పిల్ల నా ఒడిలనే పండింది. బూర కింద పండుకున్న పిల్ల లేస్తదా అని అందరు నవ్విన్రు."

టేపు వెనక్కి తిప్పి ఆ భాగం మళ్లీ పెట్టమన్నాడు. పెట్టాను. సగంలో చెయ్యి ఎత్తి ఆపమన్నాడు.

"బూర జర కిందికి వంచురా. మనం చాప మీద కూసున్నం, అది చెట్టు కొసకు జూస్తున్నది."

స్టాండు మర వదులు చేసి వంచాను.